విండోస్ 11కు మారాలా, ఇంకో ఏడాది 10తోనే నెట్టుకురావాలా? (ఇంటి కంప్యూటర్, కర్నూలు)

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · 2025 నవంబర్ 8, ఉదయం 9.40

అందరికీ నమస్కారం. మా ఇంట్లో ఉన్నది 2018లో రాజ్‌విహార్ దగ్గర ఒక దుకాణంలో భాగాలు బిగించి ఇచ్చిన డెస్క్‌టాప్. ఐ5 8400 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. గత నెల 14వ తేదీతో మద్దతు ముగిసిందని తెర మీద పదే పదే చూపిస్తోంది. అప్‌డేట్ పేజీలోకి వెళితే ఈ కంప్యూటర్‌కు విండోస్ 11 అర్హతలు లేవంటోంది.

తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు. 25హెచ్2 అని కొత్త విడుదల వచ్చింది, ఎలాగోలా ఎక్కించేద్దాం అని ఒకటే గొడవ. నాన్న తెలుగు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేశారు. పేజీమేకర్ అనే పాత పేజీలు కూర్చే ప్రోగ్రాములో జిల్లా శాసనాల మీద వ్యాసాలు టైపు చేసుకుంటారు. ఆయన తెలుగు ప్యాకేజీ నడవాలంటే వెనకాల యూఎస్‌బీ లాకు (తాళంలా పని చేసే చిన్న పరికరం) పెట్టాలి. కంప్యూటర్ మీద చెయ్యి వేస్తే ఊరుకోనన్నారు. నేను అన్నయ్య విత్తనాల దుకాణం లెక్కలు ట్యాలీలో రాసి, జీఎస్టీ కూడా ఇక్కడి నుంచే కడతాను. ఇవి కాక పాత లేజర్ ప్రింటర్ ఒకటి.

కొత్త కంప్యూటర్ కొనే ఉద్దేశం ఇప్పట్లో లేదు. ఏం చేయమంటారు?

---

పాత_మౌస్ (ఆదోని) · నవంబర్ 8, ఉదయం 10.05

మీ నాన్నగారి మాటే నా మాట. నడుస్తున్న దాన్ని కదిలించవద్దు. మా ఇంట్లో విండోస్ 7 ఇప్పటికీ బంగారంలా నడుస్తోంది. మద్దతు ముగిసిందని ఎవరూ వచ్చి కరెంటు తీసేయలేదు.

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 8, ఉదయం 10.50

ఆదోని అన్నా, మీ విండోస్ 7లో క్రోమ్ ఏ వెర్షన్ దగ్గర ఆగిందో ఒకసారి చూడండి. 109 దగ్గరే ఆగి ఉంటుంది. 2023 ఫిబ్రవరిలో వచ్చిన 110 నుంచి విండోస్ 7ను వదిలేశారు. మీరు ఆ కంప్యూటర్‌లో పాటలు వింటూ చీట్లాట ఆడుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఈ అక్క అందులో జీఎస్టీ కడుతున్నారు, బ్యాంకు తెరుస్తున్నారు. అదే తేడా.

మద్దతు ముగియడం అంటే గోడ కూలడం కాదు. ఇక మీదట గోడకు కన్నం పడితే పూడ్చే మేస్త్రీ రాడు, అంతే.

అక్కా, మీ ప్రాసెసర్ ఎనిమిదో తరానిది. ఐ5 8400 మైక్రోసాఫ్ట్ ఆమోదించిన జాబితాలోనే ఉంది. అయినా అర్హత లేదంటోందంటే బయాస్‌లో (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సెట్టింగుల్లో) రెండు మీటలు ఆపి ఉండాలి. టీపీఎం 2.0 అనే భద్రతా విభాగం ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ అన్న పేరుతో ఉంటుంది. ఆ కాలంలో అమ్మిన బోర్డుల్లో చాలావాటికి అది ఆపేసే ఉండేది. రెండోది సెక్యూర్ బూట్, కంప్యూటర్ లేచేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాములనే లేవనిచ్చే కాపలా. దుకాణాల వారు అప్పట్లో అలవాటు కొద్దీ పాత బయాస్ పద్ధతిలోనే విండోస్ ఎక్కించేవారు. అలా ఎక్కించిన చోట సెక్యూర్ బూట్ పని చేయదు.

ఒక పని చేయండి. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి ఎంఎస్ఇన్ఫో32 అని టైపు చేయండి. అందులో సిస్టమ్ టైప్, బయాస్ మోడ్ అనే రెండు వరుసల్లో ఏముందో ఇక్కడ రాయండి. అది చూడకుండా ఎవరు సలహా చెప్పినా అది జోస్యమే.

---

ఏడురోడ్ల_కూడలి (కడప) · నవంబర్ 8, ఉదయం 11.30

విండోస్ 11 ఏదో నిన్న పుట్టినట్టు భయపడుతున్నారు. 2021 అక్టోబర్ 5న వచ్చింది, నాలుగేళ్లు దాటింది. నేను మొదటి ఏడాది నుంచే వాడుతున్నాను. మొదట్లో టాస్క్‌బార్ మీద తిట్టుకున్న మాట నిజం. దాన్ని పక్కకో పైకో జరపడానికి ఇప్పటికీ వీలు లేదు. కుడి మీట నొక్కితే సగం మెనూనే కనబడుతుంది, మిగతాది ఇంకో నొక్కుకు. ఇవి చిరాకులే తప్ప కష్టాలు కావు.

తమ్ముడితో ఒక మాట చెప్పండి. 25హెచ్2లో అతను ఊహిస్తున్నంత కొత్తదనం లేదు. సెప్టెంబర్ 30న వచ్చింది. దీని ముందు విడుదల 24హెచ్2కూ దీనికీ లోపలి సరుకు ఒకటే, చిన్న ప్యాకేజీ ఒకటి వచ్చి మీటలు వేస్తుంది. అసలు లాభం గడువులో ఉంది. హోమ్ ఎడిషన్‌కు 24హెచ్2 మద్దతు 2026 అక్టోబర్‌తో ఆగిపోతుంది, 25హెచ్2కు 2027 అక్టోబర్ దాకా ఉంటుంది. ఎక్కిస్తే నేరుగా 25హెచ్2నే ఎక్కించండి.

---

పెన్నా_పెంగ్విన్ (అనంతపురం) · నవంబర్ 8, మధ్యాహ్నం 12.15

ప్రతి చర్చలోకీ విండోస్‌కు బదులుగా లినక్స్ తెస్తానని నిర్వాహకులకు నా మీద కోపం. అయినా చెప్పి తీరతాను. లినక్స్ మింట్ 22.2 ఉచితం, 2029 దాకా నవీకరణలు, టీపీఎం అడగదు. పెన్‌డ్రైవ్‌లో వేసి, హార్డ్ డిస్క్ ముట్టుకోకుండానే నడిపి చూడవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు ఉంది, లిబ్రేఆఫీస్ ఉంది. పెన్‌డ్రైవ్ నుంచి నడిపినప్పుడే మీ ప్రింటర్ పలుకుతుందో లేదో తెలిసిపోతుంది.

---

ప్రొద్దుటూరు_పద్దులు (ప్రొద్దుటూరు) · నవంబర్ 8, మధ్యాహ్నం 1.00

> పెన్నా_పెంగ్విన్ రాశారు: ఉచితం, 2029 దాకా నవీకరణలు...

ట్యాలీ మాటేమిటి స్వామీ? అది విండోస్ కోసం తయారైనది. వైన్‌లో (లినక్స్‌లో విండోస్ ప్రోగ్రాములు నడిపే సాధనంలో) నడుస్తుందని మీరు చెప్పబోతున్నారు, తెలుసు. నెలాఖరున లెక్క తేలకపోతే వైన్‌ను అడగాలా, నన్ను అడగాలా? కొన్ని పాత లేజర్ ప్రింటర్లు వాటి కంపెనీ డ్రైవర్ లేకుండా ఒక్క అక్షరం ముద్రించవు. అలాంటిది ఈ ఇంట్లో ఉందంటే లినక్స్‌లో ఇంకో తలనొప్పి.

అమ్మా, నేను నలుగురి లెక్కలు చూసేవాడిని కాబట్టి నా భాషలో చెబుతాను. 11వ తేదీకి జీఎస్టీఆర్-1 రిటర్ను, 20వ తేదీకి 3బీ రిటర్ను. ఈ రెండింటి మధ్య కంప్యూటర్‌లో ఏదీ మార్చవద్దు. ఏం చేసినా 20 దాటాకే. మీది సొంత యాజమాన్యం దుకాణమైతే రిటర్నుకు ఫోనుకు వచ్చే ఓటీపీ చాలు. కంపెనీ అయితే డిజిటల్ సంతకం టోకెన్ తప్పనిసరి, దానికి మళ్లీ డ్రైవర్లు. అక్టోబర్ 14న వచ్చిన నవీకరణ తరువాత, స్మార్ట్ కార్డు సర్టిఫికెట్లతో సంతకం చేసే కొన్ని 32 బిట్ అప్లికేషన్లు మొండికేశాయని మైక్రోసాఫ్టే ప్రకటించింది. అది విండోస్ 10కీ వచ్చింది, 11కీ వచ్చింది. మారకుండా కూర్చున్నా సుఖం లేదని చెప్పడానికే ఇది రాశాను.

---

పెన్నా_పెంగ్విన్ (అనంతపురం) · నవంబర్ 8, మధ్యాహ్నం 1.20

ట్యాలీ విషయంలో మీతో వాదించను. తమ్ముడి చదువుకు మాత్రం మింటే మేలు.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · నవంబర్ 8, సాయంత్రం 6.10

మా దుకాణానికి ఓటీపీయే. టోకెన్ లేదు.

ఎర్రమల గారూ, మీరు అడిగినవి చూశాను. సిస్టమ్ టైప్ దగ్గర ఎక్స్86 బేస్డ్ పీసీ అని ఉంది. బయాస్ మోడ్ దగ్గర లెగసీ అని ఉంది. ఇంకో వింత. ర్యామ్ 8 జీబీ అని రాసి, పక్కనే వాడుకోదగినది 3.4 జీబీ అని ఉంది. ర్యామ్ చెడిపోయిందా?

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 8, రాత్రి 8.30

ర్యామ్ నిక్షేపంగా ఉంది. మీ కంప్యూటర్‌లో ఉన్నది 32 బిట్ విండోస్, అంటే పాత తరం రకం. 64 బిట్ ప్రాసెసర్ మీద 32 బిట్ విండోస్ కూర్చోబెట్టారు. అది 4 జీబీకి మించి చూడలేదు. ఏడేళ్లుగా మీరు కొన్న ర్యామ్‌లో సగం కంటే ఎక్కువ ఖాళీగా పడి ఉంది.

దుకాణం అతను ఎందుకలా చేశాడో నేను ఊహించగలను. నాన్నగారి తెలుగు ప్యాకేజీ లాకుకు 64 బిట్ డ్రైవర్ దొరికి ఉండదు. లేదా ఆ ప్యాకేజీలో ఏదో ఒక భాగం 16 బిట్ కాలం నాటిది అయి ఉంటుంది. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ ప్రోగ్రాములు నడవవు. ఆ రోజుకు అతను చేసింది తెలివైన పనే, మీకు ఒక ముక్క చెప్పి ఉంటే బాగుండేది.

దీనితో మీ ప్రశ్నే మారిపోయింది. విండోస్ 11లో 32 బిట్ ఎడిషనే లేదు. 32 నుంచి 64కు ఉన్నదాని మీద ఉన్నట్టే మారే దారి కూడా లేదు. అంటే మీకు అప్‌గ్రేడ్ అన్న మాట వర్తించదు. డిస్క్ తుడిచి కొత్తగా ఎక్కించుకోవడమే. ప్రోగ్రాములన్నీ మళ్లీ వేసుకోవాలి. మామూలుగా 10 నుంచి 11కు పోయిన వారికి నచ్చకపోతే 10 రోజుల్లోగా వెనక్కి వచ్చే వీలుంటుంది. మీకు అదీ ఉండదు.

తమ్ముడు ఉత్సాహంలో ఈ ఆదివారమే మొదలుపెడతాడేమో, కాస్త పట్టుకోండి.

---

ఏడురోడ్ల_కూడలి (కడప) · నవంబర్ 8, రాత్రి 9.00

32 బిట్ అని నాకు తట్టలేదు. ఇప్పటికీ వేసి ఇచ్చే వారున్నారా!

---

కొత్త_సభ్యుడు_41 · నవంబర్ 8, రాత్రి 9.20

[ఈ సందేశాన్ని తొలగించాము.]

నిర్వాహకులు · నవంబర్ 8, రాత్రి 9.35

తక్కువ ధరకు విండోస్ కీలు అమ్ముతామనే లింకులు ఇక్కడ పెట్టవద్దు. అసలైన విండోస్ 10 ఉన్నవారికి 11 ఉచితమే. మీది అసలైనదా కాదా అన్నది సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీలో తెలుస్తుంది.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · నవంబర్ 9, ఉదయం 8.15

యాక్టివేషన్ సరిగానే ఉంది, ఊపిరి పీల్చుకున్నాను. నాన్న ఈ చర్చ మొత్తం చదివారు. కింద ఉన్నది ఆయన మాట, ఆయనే టైపు చేశారు.

"అయ్యలారా, నేను ఈ అమ్మాయి తండ్రిని. మీ 32, 64 లెక్కలు నాకు తెలియవు. నేను ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచి రాసుకున్న వ్యాసాలు ఈ పెట్టెలో ఉన్నాయి. ఎంతోకాలం తిరిగి రాసుకొచ్చిన శాసన పాఠాలు ఉన్నాయి. ఒకసారి ఒక పిల్లవాడు ఒక ఫైలును తన ల్యాప్‌టాప్‌లో తెరిచి చూపించాడు. తెలుగు అక్షరం ఒక్కటి లేదు, ఏవో ఇంగ్లీషు గుర్తుల గుంపు. మీరు కొత్తది ఎక్కించిన తరువాత నా రాతలన్నీ అలాగే కనబడితే ఎవరు జవాబుదారీ? పైగా వచ్చే సంక్రాంతికి పుస్తకం అచ్చుకు ఇస్తానని మాట ఇచ్చాను."

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 9, ఉదయం 10.40

మాస్టారూ, నమస్కారం. మీ భయంలో తప్పేమీ లేదు. ఇక్కడ మేమందరం రాసిన వాటికన్నా మీరు అడిగిందే అసలు ప్రశ్న.

ఆ పిల్లవాడు చూపించినప్పుడు మీ రాత చెడిపోలేదు. పాత డీటీపీ ఫాంట్లలో తెలుగు బొమ్మలను ఇంగ్లీషు అక్షరాల సంకేతాల స్థానంలో కూర్చోబెట్టారు. ఆ ఫాంటు ఉన్న చోట అది తెలుగు, లేని చోట ఇంగ్లీషు గుర్తులు. యూనికోడ్‌లో తెలుగుకు సొంత స్థానాలు ఉన్నాయి కాబట్టి ఫోనులోనైనా, ఎవరి కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే కనబడుతుంది. మీరు ఇప్పుడు ఇక్కడ టైపు చేసింది యూనికోడే.

ఇక పేజీమేకర్. ఆఖరి వెర్షన్ 7 వచ్చింది 2001లో. దానిని తయారు చేసినవారే చాలా కాలం కిందట పక్కన పెట్టేశారు. ఇండిజైన్ సీఎస్6, అంతకు ముందువి మాత్రమే ఆ ఫైళ్లను తెరుస్తాయి, కొత్తవి తెరవవు. కాబట్టి మీ పెట్టె చెడిపోయిన రోజున, విండోస్ 10 అయినా 11 అయినా, మీ వ్యాసాలకు దారి మూసుకుపోతుంది. ఏడేళ్ల హార్డ్ డిస్క్ మీద అవి ఒక్క ప్రతిగా ఉన్నాయంటే నాకు విండోస్ కన్నా దాని గురించే ఎక్కువ బెంగ. ఈరోజే బయటి డిస్కులోకి ఒక నకలు తీయించండి. ఫాంటు ఫైళ్లు కూడా దానితో పాటే.

తరువాత, పుస్తకం పని అయ్యాక, తీరికగా రెండు పనులు. ప్రతి వ్యాసాన్నీ పీడీఎఫ్ చేసి పెట్టుకోవడం ఒకటి. దానిలో ఫాంటు లోపలే ఇమిడి ఉండేలా చూసుకుంటే ఎక్కడైనా చదవవచ్చు. పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్చడం రెండోది. మార్చే ప్రోగ్రాములు ఉన్నాయి. ఒత్తులు, అరసున్నలు, పాత లిపి గుర్తుల దగ్గర తడబడతాయి. శాసన పాఠాలు కనుక మీరే ఒక్కొక్క పంక్తీ సరిచూడాలి. ఆ పని మాలాంటి వారి వల్ల కాదు.

---

పెన్నా_పెంగ్విన్ (అనంతపురం) · నవంబర్ 9, ఉదయం 11.10

మాస్టారి ప్రశ్న చదివాక నా లినక్స్ ఉపన్యాసం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ లాకు పేజీమేకర్‌తో సహా వైన్‌లో నడుస్తుందని నేను మాట ఇవ్వలేను. యూనికోడ్ సరిచూసే పనిలో సాయం కావాలంటే చెప్పండి మాస్టారూ, కంప్యూటర్ ఏదైనా చేస్తాను.

---

పాత_మౌస్ (ఆదోని) · నవంబర్ 9, మధ్యాహ్నం 12.00

చివరికి నేను చెప్పిందే కదా! మార్చవద్దు.

---

ప్రొద్దుటూరు_పద్దులు (ప్రొద్దుటూరు) · నవంబర్ 9, మధ్యాహ్నం 12.25

కాదు. మాస్టారి పనికి మార్చవద్దు. అమ్మాయి పనికి మార్చక తప్పదు. ఒకే పెట్టెలో రెండు కాలాలు కాపురం చేస్తున్నాయి, చిక్కంతా అక్కడ ఉంది.

ఇప్పటికి గండం గడవడానికి ఈఎస్‌యూ (మద్దతు ముగిశాక ఇచ్చే పొడిగింపు నవీకరణలు) ఉంది కదా, ఎవరూ దాని ఊసెత్తరేం? విండోస్ 10 ఇంటి వాడుకదారులకు మైక్రోసాఫ్ట్ ఇంకో ఏడాది, అంటే 2026 అక్టోబర్ 13 దాకా, భద్రతా నవీకరణలు ఇస్తోంది. 22హెచ్2 వెర్షన్ అయి ఉండాలి. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయి సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేసుకుంటే విడిగా డబ్బు కట్టక్కర్లేదు. లేదా రివార్డ్స్ పాయింట్లు 1000 ఇవ్వాలి. అదీ కాదంటే 30 డాలర్లకు సమానమైన మొత్తం ఒకసారి కట్టాలి. అప్‌డేట్ పేజీలోనే నమోదు లింకు కనబడుతుంది.

అందులో వచ్చేవి కీలకమైన భద్రతా నవీకరణలే. కొత్త సదుపాయాలు రావు. మాకు కావలసింది అదే కూడా.

---

ఏడురోడ్ల_కూడలి (కడప) · నవంబర్ 9, మధ్యాహ్నం 1.10

ఆఫీస్ సంగతి కూడా చూసుకోండి. 2016, 2019 ఆఫీస్‌లకు మద్దతు అదే అక్టోబర్ 14న ముగిసింది. విండోస్ కొత్తది వేసి, పాత ఆఫీస్‌లో ఎవరో పంపిన ఎక్సెల్ ఫైలు తెరిస్తే ముందు వాకిలి వేసి దొడ్డి తలుపు తీసినట్టే. అనంతపురం అన్న చెప్పిన లిబ్రేఆఫీస్ విండోస్‌లో కూడా నడుస్తుంది.

తమ్ముడికి మాత్రం నా ఓటు ఉంది. 3.4 జీబీతో ఆన్‌లైన్ తరగతి, క్రోమ్, ట్యాలీ ఒకేసారి తెరిస్తే ఆ అబ్బాయి పడే బాధ నాకు తెలుసు. పాత మౌస్ గారికి తెలియదు.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · నవంబర్ 9, సాయంత్రం 5.30

ఇన్ని సమాధానాలు వస్తాయనుకోలేదు. తమ్ముడు చదివి కాస్త చల్లబడ్డాడు. సగం ర్యామ్ ఖాళీగా పడి ఉందన్న మాట విన్నాక మళ్లీ వేడెక్కాడు. వాడి ప్రశ్న: ఒకే కంప్యూటర్‌లో నాన్నకు పాతదీ, మాకు కొత్తదీ రెండూ ఉంచుకోలేమా?

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 9, రాత్రి 9.15

ఉంచుకోవచ్చు. నా దగ్గరకు వచ్చే డీటీపీ వారికి నేను చేసే ఏర్పాటు చెబుతాను.

పాత హార్డ్ డిస్క్‌ను తుడవవద్దు, అది మాస్టారిది. విడిగా ఒక సాటా ఎస్ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా వేగమైన డిస్కు) కొనండి, 256 జీబీ అయినా సరిపోతుంది. ర్యామ్, డిస్కుల ధరలు ఈ మధ్య ఎక్కుతున్నాయి, మరీ ఆలస్యం చేయవద్దు. ఎక్కించే ముందు పాత డిస్క్ తీగ పీకి పక్కన పెట్టాలి. చీకట్లో ఏ డిస్కును తుడుస్తున్నామో అన్న భయం ఉండదు. బయాస్‌లో పీటీటీ ఆన్ చేసి, సీఎస్ఎం (పాత బయాస్ పద్ధతిలో లేపే వీలు) ఆపి, ఖాళీ ఎస్ఎస్‌డీ మీద 64 బిట్ విండోస్ 11 వేయాలి. 8 జీబీ మొత్తం అందుబాటులోకి వస్తుంది. ఎస్ఎస్‌డీ వల్ల వచ్చే వేగం ముందు విండోస్ 10, 11 తేడాలు మీకు గుర్తుకు రావు.

తరువాత పాత డిస్క్ తగిలించాక రెండు దారులున్నాయి.

ఒకటి, మాస్టారు పని చేసుకునేటప్పుడు బయాస్‌లో సీఎస్ఎం ఆన్ చేసి పాత డిస్క్ నుంచి లేపడం. పాత పద్ధతిలో వేసిన విండోస్ సీఎస్ఎం లేకుండా లేవదు. ప్రతిసారీ బయాస్‌లోకి వెళ్లడం ఆయనకు విసుగు. కొన్ని బోర్డుల్లో సీఎస్ఎం ఆన్ చేస్తే సెక్యూర్ బూట్ ఆగిపోతుంది, తిరిగి సరిచేసుకోవాలి.

రెండు, విండోస్ 11 లోపల వర్చువల్‌బాక్స్ (కంప్యూటర్‌లోనే ఇంకో ఊహా కంప్యూటర్‌ను నడిపే ప్రోగ్రాము) వేసి, అందులో 32 బిట్ విండోస్ ఒకటి పెట్టి, యూఎస్‌బీ లాకును దానికి అప్పగించడం. దీనికి ఇంటర్నెట్ ఇవ్వకూడదు. కొన్ని లాకులు ఇలా చక్కగా పని చేస్తాయి, కొన్ని వర్చువల్ యంత్రాన్ని కనిపెట్టి మొరాయిస్తాయి. పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

నేనైతే ముందు రెండోది పరీక్షించి, కుదరకపోతే మొదటిది చేస్తాను. ఏ దారి అయినా పాత విండోస్‌కు నెట్ తీగ తగలకూడదు. బ్యాంకు, జీఎస్టీ అన్నీ కొత్త దానిలోనే.

ఇంకొకటి. కొత్తగా ఎక్కించిన విండోస్ 11 మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే డిస్క్‌ను చాలాసార్లు తానే ఎన్‌క్రిప్ట్ చేసేస్తుంది, అంటే తాళం లేనిదే చదవలేని రాతగా మార్చేస్తుంది. దాని తాళం, 48 అంకెల రికవరీ కీ, ఆ ఖాతాలో ఉంటుంది. మీరు బయాస్‌లో సీఎస్ఎం, సెక్యూర్ బూట్ అటూ ఇటూ మార్చిన ప్రతిసారీ ఆ కీ అడిగే అవకాశం ఉంది. దానిని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ఖాతా తమ్ముడి పేరున, పాస్‌వర్డు అతని ఫోనులో ఉండి, అతను హాస్టల్లో ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి.

---

పాత_మౌస్ (ఆదోని) · నవంబర్ 9, రాత్రి 9.40

ఎర్రమల గారూ, ఆ వర్చువల్‌బాక్స్‌లో విండోస్ 7 కూడా నడుస్తుందా? ఊరికే అడుగుతున్నాను.

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 9, రాత్రి 9.45

నడుస్తుంది అన్నా. నెట్ తీగ పీకి నడిపించుకోండి.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · నవంబర్ 10, ఉదయం 7.50

ఇంట్లో కూర్చుని మాట్లాడుకున్నాం. నాన్న ఫైళ్లు, ఫాంట్లు రాత్రే బయటి డిస్కులోకి తీశాం. నాన్న పక్కనే కుర్చీ వేసుకుని కాపలా ఉన్నారు. వెర్షన్ 22హెచ్2యే ఉంది, కనుక ఈఎస్‌యూలో చేరాం. మైక్రోసాఫ్ట్ ఖాతా నా పేరు మీదే తెరిచాను, తమ్ముడి పేరు మీద కాదు.

సంక్రాంతికి నాన్న పుస్తకం అచ్చుకు వెళ్లేదాకా ఈ పెట్టెలో ఏ స్క్రూ ఊడదీయం. ఎస్ఎస్‌డీ మాత్రం ఈ వారమే కొని పెడతాం. జనవరి 20న 3బీ కట్టేశాక కొత్తది ఎక్కిస్తాం. అప్పటికి 25హెచ్2లో బయటపడాల్సిన లోపాలు కొన్నయినా బయటపడతాయి. అక్టోబర్ నవీకరణతో రికవరీ తెరలో కీబోర్డు, మౌసు పని చేయకుండా పోయి, 20వ తేదీన మళ్లీ సవరణ ఇవ్వాల్సి వచ్చిందని చదివాక ఆ తొందర నాకూ తగ్గింది.

ఒక్క సందేహం మిగిలింది. ప్రింటర్ పెట్టె మీద విండోస్ 11 పేరు లేదు. ఎక్కించాక అది పని చేయకపోతే?

---

ఎర్రమల (కర్నూలు) · నవంబర్ 10, ఉదయం 9.05

ప్రింటర్ కొన్నప్పుడు విండోస్ 11 లేదు కదా, పెట్టె మీద పేరు ఎలా ఉంటుంది? కంపెనీ సైటులో మీ మోడల్‌కు 64 బిట్ డ్రైవర్ ఉందో లేదో చూడండి. విండోస్ 10కు రాసిన 64 బిట్ డ్రైవర్ 11లో సాధారణంగా పని చేస్తుంది. మీ దగ్గర ఇప్పుడున్న 32 బిట్ డ్రైవర్ మాత్రం పనికిరాదు. దొరికితే ఇప్పుడే దించి బయటి డిస్కులో పెట్టుకోండి. పాత మోడళ్ల డ్రైవర్లు సైటులో ఎంతకాలం ఉంచుతారో చెప్పలేం. మోడల్ నంబరు రాస్తే నేనూ వెతుకుతాను.

ఎక్కించే రోజు యూపీఎస్ బ్యాటరీ ఒకసారి చూసుకోండి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

---

తుంగభద్ర_ఒడ్డు (కర్నూలు) · నవంబర్ 10, ఉదయం 9.30

మోడల్ నంబరు స్టిక్కర్ చెరిగిపోయింది. సాయంత్రం నాన్న బిల్లు వెతుకుతానన్నారు. దొరకగానే రాస్తాను.